గుడ్డు పెట్టే కోడికి కాల్షియం: ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో

(కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలో, పెరటి కోళ్లు పెంచుకుంటున్న మహిళా సంఘాల సభ్యుల ముందు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, పెద్దలకు నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడవలసిన విషయం ఒక్కటే. పెరట్లో గుడ్లు పెట్టే కోడికి కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది, అది చాలకపోతే ఏమవుతుంది, మనం దాన్ని ఏ రూపంలో, ఏ వేళకు, ఏ కోడికి అందించాలి అన్నదే ఆ విషయం. మన ప్రాంతమంతా సున్నపురాతి నేల. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయిని నమ్ముకునే. జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనులు సాగుతున్నదీ ఈ రాతి మీదే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను నీరు తొలిచిందీ ఈ రాతిలోనే. ఇంతటి సున్నపురాతి నేల మీద తిరిగే కోళ్లు గట్టి పెంకు లేని తోలుగుడ్లు పెడుతున్నాయని, చేత్తో పట్టుకుంటేనే గుడ్డు చిట్లిపోతోందని, కోడి తన గుడ్డును తానే పొడుచుకు తింటోందని మీలో చాలామంది నాతో చెబుతున్నారు. కాళ్ల కింద ఉన్నది కోడి కడుపులోకి ఎందుకు చేరడం లేదో ముందు అర్థం చేసుకుంటే, చేయవలసిన పని చాలా తేలికగా కనిపిస్తుంది.

గుడ్డు పెంకులో నూటికి 94 పాళ్లకు పైగా ఉన్నది కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాతిలో ఉన్న పదార్థమే. 55 గ్రాముల గుడ్డుకు పెంకు అయిదు గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అందులో దాదాపు రెండు గ్రాములు అచ్చమైన కాల్షియం. గుడ్లకు వచ్చిన కోడి ఒంట్లో ఎముకలన్నిటితో కలిపి ఉండే కాల్షియం సుమారు 20 గ్రాములు మాత్రమే. ఒక్కొక్క గుడ్డుతో ఆ కోడి తన ఒంటిలోని కాల్షియంలో పదో వంతును బయటికి పంపుతోందన్న మాట. ఏ పాడి పశువుకూ తన ఒంటి పరిమాణంతో పోల్చుకుంటే రోజుకు ఇంత ఖర్చు లేదు. పైగా తిన్న కాల్షియమంతా ఒంటికి పట్టదు, సుమారు సగమే పడుతుంది. కాబట్టి రెండు గ్రాములు పెంకులోకి చేరాలంటే నాలుగు గ్రాముల దాకా మేతలో ఉండాలి. ఫారాల్లో గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం నూటికి మూడున్నర నుంచి నాలుగు పాళ్లు ఉండేలా కలపడానికి కారణం ఈ లెక్కే.

ఇప్పుడు మనం వేసే మేతను అదే తక్కెడలో పెట్టి చూద్దాం. వంద గ్రాముల జొన్నల్లో కాల్షియం 25 మిల్లీగ్రాములు, సజ్జల్లో 42 మిల్లీగ్రాములు ఉంటుందని పోషకాహార పట్టికలు చెబుతాయి. మన ధాన్యాలన్నిటిలో మిన్న అయిన రాగుల్లో కూడా 344 మిల్లీగ్రాములే. కోడికి రోజుకు కావలసింది నాలుగు వేల మిల్లీగ్రాములు. కడుపు నిండా జొన్నలు తిన్న కోడికి కూడా అందులో నూరో వంతు అందదు. మరి పెంట మీద, కళ్లంలో ఏరుకుని తినే పురుగులు, చెదలు ఉన్నాయి కదా అంటారు. అవి మంచి మాంసకృత్తులు ఇస్తాయి, పిల్లలు ఎదగడానికి వాటిని మించిన మేత లేదు, కానీ వాటిలో కూడా కాల్షియం తక్కువే. మన బోరు నీళ్లు గిన్నెల అడుగున తెల్లగా పొర కడతాయి కాబట్టి ఆ నీళ్లే చాలునని ఒక నమ్మకం ఉంది. తాగే నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాములను మించి కాల్షియం ఉండకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ హద్దు దాకా ఉన్న నీళ్లే తాగిస్తున్నామనుకున్నా, పావు లీటరు తాగిన కోడికి అందేది 50 మిల్లీగ్రాములు. అది లెక్కలోకి రానే రాదు.

మా అమ్మమ్మల కాలంలో ఎవరు పెట్టారయ్యా ఈ కాల్షియం, అప్పుడు కోళ్లు గుడ్లు పెట్టలేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దీనికి నిలకడగా జవాబు చెప్పాలి. నాటుకోడి ఒక విడతకు పది, పన్నెండు, మహా అయితే పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. గుడ్డు కూడా చిన్నది, 40 గ్రాములకు అటూ ఇటూ. పెంకులోకి పోయే కాల్షియం గ్రామున్నర. పన్నెండు గుడ్లకు 18 గ్రాములు. దాన్ని కొంత మేతలోంచి, కొంత పాత గోడల సున్నపు పెచ్చులు పొడిచి, కొంత తన ఎముకల్లోంచి సర్దుకునేది. ఆ తరువాత మూడు వారాలు పొదగడం, రెండు మూడు నెలలు పిల్లలను వెంట తిప్పుకోవడం. ఆ గడువంతా గుడ్డు లేదు కాబట్టి ఎముకలు మళ్లీ నిండేవి. ఇలా ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం 40 నుంచి 60 గుడ్లు. ఆ కోడి బతుకు ఆ లెక్కలో సరిపోయింది.

మనం ఆ లెక్కను రెండు విధాలుగా మార్చాం. మొదటిది, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులను తెచ్చుకున్నాం. గ్రామప్రియ పెరట్లో కూడా ఏడాదికి 160 నుంచి 180 గుడ్ల దాకా పెడుతుంది. ఆ పెంకులన్నిటిలో 300 గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంటే తన ఒంట్లో ఉన్నదానికి పదిహేను రెట్లకు పైగా ఆ కోడి ఏడాదిలో బయటికి పంపుతుంది. గుడ్ల సంఖ్య మూడింతలు పెరిగింది, మేత మాత్రం నాటుకోడికి వేసిన గుప్పెడు గింజల దగ్గరే ఆగిపోయింది. రెండవది, నాటుకోడి పొదుగుకు కూర్చుంటే దాన్ని చన్నీళ్లలో ముంచో, గంప కింద మూసో పొదుగు మాన్పించి మళ్లీ గుడ్లకు తెస్తున్నాం. ఆదాయం కోసం చేస్తున్న ఆ పనిని నేను తప్పుపట్టను. అయితే పొదుగు కాలం ఆ కోడి ఎముకలు తిరిగి నిండే కాలమని గుర్తుంచుకోవాలి. విశ్రాంతిని తీసేసినవాళ్లం దానికి బదులు మేతలో ఇవ్వాలి. ఇవ్వకుండా గుడ్లు మాత్రమే తీసుకోవడం ఆ మూగజీవానికి చేసే అన్యాయమే.

ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది వేళ. దీన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి వాటంతట అవే చక్కబడతాయి. పచ్చసొన విడుదలైన దగ్గర నుంచి గుడ్డు బయటికి వచ్చేదాకా 24 నుంచి 26 గంటలు పడుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు మూడు గంటలు, లోపలి పొర ఏర్పడడానికి గంటకు కాస్త పైన. మిగిలిన సుమారు 20 గంటలూ గుడ్డు పెంకు తయారయ్యే సంచిలోనే ఉంటుంది. కోడి సాధారణంగా పొద్దున పూట గుడ్డు పెడుతుంది కాబట్టి, వెనక్కి లెక్క వేసుకుంటే పెంకులో ఎక్కువ భాగం పేరుకునేది రాత్రి వేళ. అంటే కోడి గూట్లోనో, గంప కిందనో కళ్లు మూసుకుని ఉన్నప్పుడు, గింజ కూడా తినలేని గంటల్లో దానికి కాల్షియం అవసరం గరిష్ఠంగా ఉంటుంది. ఆ సమయానికి కడుపులో కాల్షియం ఉంటే అక్కడి నుంచి రక్తంలోకి, రక్తంలోంచి పెంకులోకి వెళుతుంది. లేకపోతే ఎముకల్లోంచి కరిగించి తెచ్చుకుంటుంది.

ఈ ఎముకల ఏర్పాటు పక్షులకే ఉన్న ప్రత్యేకత. పెట్ట మొదటి గుడ్డు పెట్టడానికి సుమారు రెండు వారాల ముందు నుంచి తొడ ఎముకల్లోపలి బోలులో ఒక మెత్తని ఎముక పెరుగుతుంది. అది బరువు మోయడానికి కాదు, రాత్రి పూట పెంకుకు కాల్షియం అప్పు ఇవ్వడానికి. మామూలు రోజుల్లో కూడా పెంకులో కొంత భాగం అక్కడి నుంచే వస్తుంది, మరునాడు మేతలోంచి ఆ అప్పు తీరుతుంది. మేతలో లేనప్పుడు అప్పు తీరదు. ఆ మెత్తని ఎముక అయిపోయాక కోడి ఒంటిని మోసే గట్టి ఎముకల్లోంచి తీయడం మొదలవుతుంది. అప్పుడు కాళ్లు ఈడ్చడం, ఒక మూల కూర్చుని లేవకపోవడం, పట్టుకున్నప్పుడు రెక్క విరగడం వంటివి కనబడతాయి. మనకు గుడ్డు పలచనైనప్పుడే తెలుస్తుంది కానీ, అప్పటికే కోడి తన ఎముకల్లోంచి చాలా ఇచ్చివేసి ఉంటుంది. అందువల్ల తోలుగుడ్డు కనిపించేదాకా ఆగకుండా, మొదటి గుడ్డు నాటికే కాల్షియం అందుబాటులో ఉంచాలి. తురాయి ఎర్రబడి, పెట్ట గూళ్లు వెతుక్కుంటూ తిరుగుతోందంటే ఆ సమయం వచ్చినట్టే.

రాత్రికి కడుపులో నిలవాలంటే కాల్షియం ఏ రూపంలో ఉండాలన్నది తరువాతి ప్రశ్న. మెత్తని పొడి అయితే గంటల్లోనే పేగుల్లోంచి జారిపోతుంది. సజ్జ గింజ నుంచి జొన్న గింజ దాకా ఉండే పలుకులైతే, అంటే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలైతే, కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా కరుగుతాయి. మొత్తం ఒకటే అయినా ఫలితంలో ఇంత తేడా ఉంటుంది. కాబట్టి పిండి వద్దు, పలుకులు కావాలి. ఆ పలుకులు సాయంత్రం మూడు, నాలుగు గంటల నుంచి గూటికి చేరేదాకా కోడి ముందు ఉండాలి. కడుపులో గుడ్డు తయారవుతున్న కోడికి ఆ వేళకు కాల్షియం మీద ప్రత్యేకమైన ఆకలి పుడుతుంది. గింజలు ఒక పక్క, పలుకులు ఒక పక్క పెట్టి మధ్యాహ్నం తిరిగాక చూడండి. మరునాడు గుడ్డు పెట్టవలసిన పెట్ట పలుకుల గిన్నె దగ్గరకు తనంతట తానే వెళుతుంది, గుడ్డుకు రాని పెట్ట, పుంజు దాన్ని అంతగా పట్టించుకోవు. ప్రకృతి ఆ కోడికి ఇచ్చిన ఈ తెలివిని మనం నమ్మవచ్చు.

దీన్ని నమ్మాలంటే ఒక షరతు ఉంది, పలుకులు వేరే గిన్నెలోనే ఉండాలి, మేతలో కలపకూడదు. మన పెరళ్లలో పిల్లల తల్లి, ఎదిగే పిల్లలు, పుంజులు, గుడ్లు పెట్టే పెట్టలు అన్నీ ఒక్క చోటే తింటాయి. గుడ్ల కోడికి సరిపడే కాల్షియం మేతలో కలిపితే అది పిల్లల కడుపులోకి కూడా పోతుంది. ఎదిగే పిల్లకు మేతలో నూటికి ఒక పాలు కాల్షియం చాలు. నాలుగు పాళ్లు రోజూ పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు తెల్లని పొర పేరుకుంటుంది, పైకి ఏ జబ్బూ కనబడకుండానే పిల్ల చనిపోతుంది. బజారులో లేయర్ దాణా, అంటే గుడ్ల కోళ్ల దాణా, తెచ్చి పిల్లలకు వేయవద్దని చెప్పేది ఇందుకే. పలుకుల గిన్నెను జానెడు ఎత్తు రాయి మీదో, గోడకు కట్టిన డబ్బాలోనో పెడితే పెద్ద కోడికి అందుతుంది, పిల్లలకు అందదు. వానకు తడిసినా పలుకులు చెడవు కానీ రెట్ట పడకుండా చూసుకోవాలి.

ఎంత పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. రోజూ గుడ్డు పెట్టే కోడికి సుమారు పది గ్రాముల పలుకులు, రోజు విడిచి రోజు పెట్టేదానికి అందులో సగం అన్నది లెక్క. సున్నపురాయిలో, ఆల్చిప్పల్లో, గుడ్డు పెంకులో కాల్షియం నూటికి సుమారు 38 పాళ్లు ఉంటుందన్న దాన్ని బట్టి ఈ కొలత వచ్చింది. అయితే గిన్నెలో ఎప్పుడూ ఉంచితే కోడి తనకు కావలసినంతే తింటుంది కాబట్టి మీరు రోజూ తూచవలసిన పని లేదు. మీరు కొన్న లేయర్ దాణాను మాత్రమే వేస్తుంటే అందులో ఇప్పటికే కాల్షియం ఉంటుంది, అప్పుడు గిన్నెలోంచి తక్కువ తింటుంది. సగం దాణా, సగం జొన్నలు కలిపి వేస్తే మాత్రం దాణాలోని కాల్షియం కూడా సగానికి పడిపోతుందని మరువకండి. ఖర్చు తగ్గించడానికి అలా కలిపేవారు మన ఊళ్లలో ఎక్కువ, వారి కోళ్లకే పలుకుల గిన్నె మరీ అవసరం.

ఇక ఆ పలుకులు ఎక్కడ దొరుకుతాయన్నది చూద్దాం. కోళ్ల దాణా అమ్మే దుకాణాల్లో షెల్ గ్రిట్ అని, స్టోన్ గ్రిట్ అని బస్తాల్లో దొరుకుతాయి. షెల్ గ్రిట్ సముద్రపు ఆల్చిప్పలది, స్టోన్ గ్రిట్ సున్నపురాయిది. రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని ముక్కలు గింజలంత ఉన్నాయా, అంతా పిండిగా ఉందా అని చూసి మరీ తీసుకోండి. అరగడానికి పనికివచ్చే గట్టి గులకరాళ్లు వేరు, కాల్షియం పలుకులు వేరు. మన నేల మీద గులకలకు కొదవ లేదు, కోళ్లు వాటిని ఏరుకుంటాయి. అవి కందనకాయలో గింజను నూరుతాయి కానీ కరగవు, కాల్షియం ఇవ్వవు.

డబ్బు పెట్టకుండా దొరికే మొదటి వనరు గుడ్డు పెంకులే. ఇంట్లో వాడిన పెంకులనే కాదు, ఎగ్ బజ్జీ బండ్ల దగ్గర, హోటళ్ల దగ్గర పారవేసే పెంకులను కూడా తెచ్చుకోవచ్చు. కానీ పచ్చి పెంకులను నేరుగా వేయకూడదు, బయటి పెంకులతో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు వస్తాయి. పది నిమిషాలు నీళ్లలో మరిగించి, ఎండలో పెళపెళలాడేదాకా ఆరబెట్టి, రోట్లో గింజంత ముక్కలుగా దంచండి. పెంకు ఆకారం గుర్తుపట్టేలా సగం సగం ముక్కలు వేస్తే కోడికి గుడ్డు పొడిచే అలవాటు పడుతుంది. ఇందులో ఒక పరిమితి ఉంది. మీ కోళ్ల పెంకులన్నీ మీ కోళ్లకే తిరిగి ఇచ్చినా వాటిలో సగమే ఒంటికి పడుతుంది; పైగా సంతలో అమ్మిన గుడ్లు తమ పెంకులను తమతోనే తీసుకుపోతాయి. అందువల్ల పెంకులు తోడు మాత్రమే, వాటి మీదే ఆధారపడలేం. కేసీ కాలువ పొలాల్లో దొరికే ఎండిన నత్తగుల్లలు కూడా అంతే మంచివి, వాటిని కూడా మరిగించి, ఎండబెట్టి, దంచి వాడుకోవచ్చు. బతికి ఉన్న నత్తలను మాత్రం వేయకండి, వాటి ద్వారా పేగు పురుగులు వస్తాయి.

మన ఊళ్లలో రాయి ఇంత ఉండగా కొనడం దేనికి, గని దగ్గర చిప్స్ తెచ్చి వేస్తే పోలేదా అన్న ఆలోచన సహజం. ఇక్కడ మాత్రం నా మాట వినండి, తొందరపడకండి. నల్లని నాపరాతిలో సున్నంతో పాటు మట్టి, ఇసుక కూడా కలిసి ఉంటాయి, రాయి రాయికీ పాళ్లు మారతాయి. వేంపల్లె, పులివెందుల వైపు కొండల్లో పరచుకున్న రాయి చాలా భాగం డోలమైటు. అందులో కాల్షియం తక్కువ, మెగ్నీషియం ఎక్కువ. అది తిన్న కోడికి రెట్ట పలచబడుతుంది, పెంకు బాగుపడకపోగా ఇంకా పాడవుతుంది. అదే కొండల్లో ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) తవ్వారు, ఆ పొడి మనిషి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి అక్కడి రాయిని దంచే పని అసలే వద్దు. మంగంపేటలో తవ్వే ముగ్గురాయి చూడటానికి తెల్లగా ఉన్నా అందులో కాల్షియం ఉండదు, అది బేరియం ఖనిజం. వాకిట్లో వేసే ముగ్గుపిండి ఏ రాతి పొడో అమ్మేవారికే తెలియదు. పాలిషింగ్ ఫ్యాక్టరీల బయట ఆరిన బురదలో యంత్రాల నూనె, పాలిషుకు వాడే పదార్థాలు కలిసి ఉంటాయి, సిమెంటు సంగతి చెప్పనే అక్కరలేదు. నిమ్మరసం చుక్క వేస్తే బుస్సున పొంగిన రాయి సున్నపురాయి అని గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉంది, అది నిజమే, కానీ ఆ పొంగు అందులో ఇంకేమేమి కలిశాయో చెప్పదు. కోళ్ల కోసమే అమ్మే గ్రిట్ కిలో ధర ఒక గుడ్డు ఖరీదు కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. అంత చిన్న ఖర్చు కోసం కోడిని పణంగా పెట్టవద్దని నా మనవి.

తాగే నీళ్లలో సున్నం కలపడం మన వైపు బాగా అలవాటు. తమలపాకుకు రాసే సున్నం ముద్దను నీళ్ల తొట్టిలో వేసేవారు కొందరు, సున్నపు తేట పోసేవారు కొందరు. కాల్చి, నీళ్లు పోసి విరిపిన సున్నం ఘాటైన క్షారం, ముద్దగా తింటే కోడి నోరు, గొంతు కాలుతాయి. పోనీ పైన తేరిన తేట పోద్దామంటే, లీటరు నీళ్లలో కరిగే సున్నం రెండు గ్రాములైనా ఉండదు, అందులో కాల్షియం ఒక గ్రాముకు లోపే. కోడి తాగే 200 మిల్లీలీటర్లలో అందేది 200 మిల్లీగ్రాములకు తక్కువ, అంటే కావలసిన దానిలో ఇరవయ్యో వంతు. ఆ రుచికి కోడి నీళ్లు తాగడం తగ్గిస్తే, మన ఎండల్లో అదే పెద్ద నష్టం. ఈ అలవాటును మానెయ్యండి. గుడ్లకు రంగు వస్తుందనో, కోడికి బలమనో ఎవరు చెప్పినా మానెయ్యండి. మందుల దుకాణాల్లో దొరికే కాల్షియం టానిక్కులు హాని చేయవు, గుడ్డు అడ్డం పడి ముక్కుతున్న కోడికి వెంటనే పట్టించడానికి ఉపయోగపడతాయి. రోజువారీ అవసరానికి మాత్రం అవి ఖరీదైన దారి.

ఆకుల గురించి రెండు మాటలు. మునగాకు, అవిసె ఆకు కోడికి ఎంతో మేలు చేస్తాయి, కాల్షియంతో పాటు పచ్చసొనకు మంచి రంగు కూడా వస్తుంది. తోటకూర, పాలకూరల్లో కాల్షియం ఉన్నా దాన్ని కట్టిపడేసే ఆక్సలేట్లు కూడా ఉంటాయి, అందుకని వాటిని లెక్కలో వేసుకోకండి. తవుడు ఎక్కువ వేసినా అంతే, అందులోని ఫైటేట్లు కాల్షియాన్ని పేగుల్లో పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లాలంటే విటమిన్ డి కావాలి. అది ఎండలో తిరిగే కోడి చర్మంలో, కాళ్ల మీద తయారవుతుంది. మన పెరటి కోళ్లకు ఆ లోటు రాదు. కుక్కల భయంతో పగలంతా చీకటి కొట్టంలో మూసి ఉంచేవారు మాత్రం ఉదయం, సాయంత్రం గంటసేపైనా ఎండలోకి వదలండి.

వేసవిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఏప్రిల్, మే నెలల్లో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది, పెంకుకు కాల్షియంతో పాటు కావలసిన కార్బొనేటుకు మూలం అదే. మేత కూడా తగ్గుతుంది. ఈ రెండూ కలిసి పలుకుల గిన్నె నిండా ఉన్నా వేసవి గుడ్డు పెంకు పలచబడుతుంది. కాల్షియం పెంచితే ఇది తగ్గదు, కోడి ఒంటి వేడిని తగ్గించాలి. మేతను తెల్లవారుజామునే, మళ్లీ పొద్దు వాలాక వేయండి. మధ్యాహ్నం మట్టి తొట్లలో చల్లని నీళ్లను రెండుసార్లు మార్చండి. చెట్టు నీడ లేని చోట జొన్న చొప్పతోనో, వేప కొమ్మలతోనో పందిరి వేసి దాని మీద నీళ్లు చల్లండి. పలుకుల గిన్నె కూడా ఆ నీడలోనే ఉండాలి, కాలే గిన్నె దగ్గరకు ఏ కోడీ పోదు.

కాల్షియం అన్నీ బాగుచేయదు. వయసు మళ్లిన కోడి గుడ్డు పెద్దదవుతుంది, పెంకు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి పలచబడుతుంది, అది సహజం. కొత్తగా గుడ్డుకు వచ్చిన పెట్ట మొదట ఒకటి రెండు తోలుగుడ్లు పెడితే కంగారు వద్దు. మందలో సగం కోళ్లు ఒక్కసారిగా వంకర గుడ్లు, గరుకు గుడ్లు, పెంకు లేని గుడ్లు పెట్టాయంటే, దానితో పాటు గురక, ఆకుపచ్చ రెట్ట, మెడ తిరగడం కనిపించాయంటే అది కొక్కెర తెగులు వంటి అంటువ్యాధి కావచ్చు. అప్పుడు పలుకులు పెట్టి ఎదురుచూస్తే మంద మిగలదు. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి, చనిపోయిన కోడినీ, ఆ గుడ్లనూ సంచిలో కట్టి తీసుకురండి. అవసరమైతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు పంపి పరీక్ష చేయించవచ్చు. ఒక్క కోడి మాత్రమే తోక దించి, పదే పదే ముక్కుతూ, పెంగ్విన్ లాగా నిటారుగా నిలబడితే గుడ్డు అడ్డం పడిందని అనుమానించాలి. దాన్ని గోరువెచ్చని నీళ్లలో పావుగంట నిలబెట్టి, కాల్షియం టానిక్కు పట్టించి, చీకటి గదిలో వదలండి. పొట్టను పిసికి గుడ్డును పగలగొట్టకండి, ఆ పెంకు లోపల గుచ్చుకుంటే కోడి బతకదు.

చివరగా కొనుగోలు సంగతి. ఒక్కొక్కరూ కిలో, రెండు కిలోలు తెచ్చుకుంటే ధర ఎక్కువ పడుతుంది, ఎర్రగుంట్లకో, ప్రొద్దుటూరుకో ప్రతిసారీ బస్సు ఖర్చు. మీ సంఘంలో పదిమంది ఉన్నారు, ఒక్కొక్కరికి గుడ్లు పెట్టే పెట్టలు పది అనుకుందాం. వంద పెట్టలకు రోజుకు సగటున అయిదు గ్రాముల చొప్పున అరకిలో, అంటే 50 కిలోల బస్తా వంద రోజులు వస్తుంది. సంఘం పేరున ఒక బస్తా తెప్పించుకుని, ఎవరికి ఎన్ని పెట్టలున్నాయో దాన్నిబట్టి పంచుకోండి. ఎవరి పెట్ట పొదుగుకు కూర్చుందో, ఎవరిది మళ్లీ గుడ్డుకు వచ్చిందో సంఘం పుస్తకంలో రాసుకుంటే తరువాతి బస్తా ఎప్పుడు కావాలో కూడా తెలుస్తుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, తోలుగుడ్లు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను.